ఒక పక్కనే పలకలు తొడిగిన ఓడ



ఈ పుట తెరిచి చాలా కాలమైంది. "ఛందస్సు మీద మొదలుపెట్టిన వ్యాసాలు మూడో భాగం దగ్గర ఆగిపోయాయేం పంతులుగారూ?" అని కొందరు ఆప్యాయంగానూ, ఒకరిద్దరు కించిత్తు అనుమానంగానూ అడిగారు. ఆరోగ్యం బాగానే ఉంది. కలమూ ఎండిపోలేదు. గడచిన 14 నెలలుగా నేను ఓడ కడుతున్నాను, అంతే.

నవ్వదలచినవారు నవ్వవచ్చు, మా ఇంట్లో ఆ కార్యక్రమం ఎప్పుడో పూర్తయింది. నేను కట్టినది జానెడు మీద అంగుళం పొడవున్న కొయ్య ఓడ. ముందుకు పొడుచుకొచ్చిన కొయ్యనూ వెనుకకు చాచిన కొయ్యనూ కలుపుకుంటే మూరెడు పైచిలుకు ఉంటుంది. అది నీళ్ళలో తేలడానికి చేసినది కాదు, బల్ల మీద నిలబడుతుంది. ఆ నిలబడటం కూడా రవ్వంత మెలితిరిగి నిలబడుతుంది. ఆ మెలిక ఎలా వచ్చిందో చెప్పడమే ఈ టపా ఉద్దేశం. ఓడలోకి రాకముందు ఆ మెలిక నాలో ఉన్నదనీ, నేను 33 ఏళ్ళు తెలుగు చెప్పిన బడిలోనూ ఉన్నదనీ నాకు ఈ పనిలో తెలిసివచ్చింది.

సంగతి మొదటినుంచీ చెబుతాను. 2019లో ఇంగ్లండులో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు పోర్ట్స్‌మత్ రేవులో 'విక్టరీ' నౌకను చూశాను. 1765లో నీట దింపిన యుద్ధనౌక అది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంనాడు నెల్సన్ సేనాని ప్రాణం విడిచింది దానిమీదనే. దాని నిర్మాణానికి సుమారు 6,000 చెట్లు పట్టాయనీ, తాళ్ళన్నీ విప్పి వరుసగా పరిస్తే 26 మైళ్ళ దాకా వస్తాయనీ అక్కడ చెబుతారు. తల వంచుకొని దాని లోపలి అంతస్తులు తిరుగుతుంటే, చిన్నప్పుడు కాకినాడ రేవులో దూరాన తెరచాపలు చూసిన పిల్లవాడు నాలో మళ్ళీ లేచాడు. తిరిగి వస్తూ ఒక దుకాణంలో ఆ నౌక నమూనాకు కావలసిన కొయ్యముక్కలూ దారాలూ ఉన్న పెద్ద పెట్టె చూసి, అదే కావాలన్నాను.

కొట్టాయన వృద్ధుడు. "ఇంతకుముందు ఏవేం కట్టారు?" అని అడిగాడు. ఏమీ కట్టలేదన్నాను. "అయితే మీకు ఇది అమ్మను" అని, పై అరలోంచి చిన్న పెట్టె తీసి నా ముందు పెట్టాడు. ఒకే స్తంభం ఉన్న చిన్న ఓడ. ప్రబంధాలు చెప్పిన పండితుణ్ణి తీసుకువెళ్ళి పెద్దబాలశిక్ష దగ్గర కూర్చోబెట్టినట్టయింది. అమ్మాయి ముఖం చూసి ఊరుకున్నాను. ఇప్పుడు ఆ పెద్దమనిషిని తలచుకోని రోజు లేదు. తన సరుకులో ఖరీదైనదాన్ని అమ్మనని చెప్పగలిగిన మనిషి నాకు గురువుతో సమానం.

ఆ చిన్న ఓడ పేరు 'షెర్బోర్న్'. 1763 నాటిది. ఈ జాతి ఓడను 'కట్టర్' అంటారు. పొడవు 54 అడుగులకు కాస్త పైన. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ నడుమనున్న కాలువలో సుంకం ఎగవేసి సరుకు దాటించేవాళ్ళను తరిమి పట్టుకోవడం దాని ఉద్యోగం. ఒంటి స్తంభానికి విశాలమైన తెరచాప కట్టి, ముందుకు చాలా పొడవైన కొయ్య చాచి, గాలిని అతి లోభంగా వాడుకొనేట్టు దాన్ని రూపొందించారు. రూపకర్త సర్ థామస్ స్లేడ్. నన్ను మోహపెట్టిన విక్టరీకి గీతలు గీసినదీ ఆయనే. నమూనా అసలులో 64వ వంతు. ఆ లెక్కన దాని మీద నిలబడే నావికుడు అంగుళం ఎత్తు ఉంటాడు. పెట్టె ఇంటికి వచ్చి బీరువా మీద అయిదేళ్ళు దుమ్ము తిన్నది. ఆ తరువాత ఒక మధ్యాహ్నం, ఇక నాకు మిగిలిన మధ్యాహ్నాలు లెక్కపెట్టదగినవేనని తోచి, కిందికి దించాను.

దించేటప్పుడు నా ధీమా ఎటువంటిదో చెప్పుకోవాలి. ఓడ గురించి నాకు తెలియనిదేముంది? అమరకోశంలో వారివర్గం కంఠస్థం. నౌక, తరణి, తరి, ఉడుపము, ప్లవము, ద్రోణి, కర్ణధారుడు, క్షేపణి, అరిత్రము. స్తంభానికి కూపకమనీ గుణవృక్షకమనీ రెండు పేర్లు. యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణెం మీద రెండు స్తంభాల ఓడ ఉన్నదని ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనాన్ని, తుపానుకు ఓడలు చెదిరిన వర్తకుల సొమ్మును రాజు అపహరించడని మాట ఇచ్చిన ఘట్టాన్ని, గొంతు పూడుకుపోయేట్టు వర్ణించేవాణ్ణి. ఓడ అన్న మాట చుట్టూ ఇంత సంపద పోగుచేసుకున్నవాణ్ణి, ఒక పలకను వంచలేకపోయాను.

పెట్టెలో ముందుగా కనిపించేది ఓడ వెన్నెముక. పలుచని చెక్కను ఓడ పక్కవాటుగా కోసి ఉంచుతారు. దానికి గాళ్ళు ఉంటాయి. ఆ గాళ్ళలో అడ్డంగా పక్కటెముకల వంటి చెక్కలు దిగుతాయి. అవి వెన్నెముకకు నిట్టనిలువుగా, లంబంగా ఉండాలి. మూలమట్టం పెట్టి చూసుకోకపోతే మొత్తం పని తప్పుతుంది. తరువాత గరుకు కాగితంతో ఆ పక్కటెముకల అంచులను ఏటవాలుగా అరగదీయాలి. ముందు, వెనుక భాగాలలో పలక ఒంపు తిరుగుతుంది గనుక, అంచు దానికి తగ్గట్టు వాలితేనే పలక పూర్తిగా ఆనుతుంది. ఈ అరగదీత పుస్తకంలో రెండు వాక్యాలు. నాకు మూడు వారాలు పట్టింది.

ఆపైన పలకలు. అయిదు మిల్లీమీటర్ల వెడల్పున్న పలుచని కొయ్యబద్దలు. అరగంట నీళ్ళలో నానబెట్టి, వేడి చూపిస్తూ మెల్లగా వంచి, జిగురు రాసి, ఆరేదాకా పట్టి ఉంచాలి. పట్టి ఉంచడానికి దండెం మీది బట్టల క్లిప్పులన్నీ నేను దొంగిలించాననీ, వానాకాలంలో బట్టలు గాలికి ఎగిరి పక్కవారి వాకిట్లో పడ్డాయనీ నా మీద ఒక అభియోగం ఉన్నది. అది నిజమే.

పండితునికి క్రమం మీద మక్కువ ఎక్కువ. ఒక అధ్యాయం పూర్తిచేసి రెండవది మొదలుపెట్టడం అలవాటు. అందుచేత ముందు ఎడమ పక్కంతా పలకలు తొడిగి, కుడి పక్క తరువాత చూసుకోవచ్చునని నిశ్చయించాను. రెండు నెలలు శ్రమపడి ఎడమవైపు పదహారు వరుసలూ పూర్తి చేశాను. ఆ సాయంత్రం ఓడను కంటి ఎత్తుకు లేపి, ముందునుంచి వెనుకకు చూశాను. వెన్నెముక మెలితిరిగి ఉంది. తడికి ఉబ్బిన పలకలు ఆరి బిగుసుకుంటూ, ఎదురులాగేది లేక, వెన్నెముకను తమవైపు లాగేసుకున్నాయి. ముందుకొస మూడు మిల్లీమీటర్లు పక్కకు పోయింది. మూడు మిల్లీమీటర్లంటే అసలు ఓడలో ఏడున్నర అంగుళాలు.

ఏం చేయాలో తోచక కూర్చుంటే మా ఆవిడ కాఫీ తెచ్చి, ఓడను అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక పక్కంతా అయ్యాక రెండో పక్క మొదలెడతారుటండీ ఎవరైనా?" అన్నది. "నీకెలా తెలుసు?" అన్నాను. "ముగ్గు వేసేటప్పుడు ఒక రేకు ఇటు గీస్తే దాని జత అటు గీసుకుంటూ వెళతాం. ఓ పక్కంతా వేసేసి తరవాత రెండో పక్కకి వస్తే ఎప్పటికీ కుదరదు" అన్నది. నలభై ఏళ్ళుగా ప్రతి ధనుర్మాసం నా కళ్ళ ముందే జరుగుతున్న పాఠం అది. నేను వాకిట్లో ముగ్గును దాటి బడికి వెళ్ళేవాణ్ణి.

తరువాత పుస్తకం మళ్ళీ తిరగేస్తే ఆ నియమం అక్కడే ఉంది: ఎడమన ఒక పలక, కుడిన ఒక పలక. చదివాను కూడా. చదివినది చేతిదాకా రాలేదు. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ వేసి, జిగురు మెత్తబడ్డాక రెండు నెలల పనిని రెండు రోజుల్లో ఊడదీశాను. వెన్నెముక చాలావరకు తిన్నబడింది. పూర్తిగా కాదు. ఒకసారి ఆరి బిగిసిన మెలిక కొయ్యను పూర్తిగా వదలదట.

రెండో విడతలో ఇంకో సంగతి తెలిసింది. ఓడ నడుము దగ్గర చుట్టుకొలత ఎక్కువ, ముందు భాగంలో తక్కువ. నా ఓడకు నడుము దగ్గర ఒక పక్క 80 మిల్లీమీటర్లు ఉంటే ముందువైపు 50 మాత్రమే ఉంది. నడుము దగ్గర పదహారు పలకలు పడితే ముందు కూడా పదహారే పట్టాలి గదా! కనుక ప్రతి పలకనూ అయిదు మిల్లీమీటర్ల నుంచి మూడింటికి సన్నబరచుకుంటూ పోవాలి. త్రైరాశికం వచ్చిన పిల్లవాడు చెప్పగల లెక్క. మొదటి విడతలో నేను ఆ లెక్క వేయలేదు, పలకలను అలాగే అంటించి, ముందువైపు ఒకదాని మీద ఒకటి ఎక్కితే బలవంతంగా నొక్కాను. లెక్కల మాస్టారు ఆ లెక్కను నల్లబల్ల మీద చెబుతారు, నేను తెలుగు చెబుతాను, పలక మాత్రం ఎవరి తరగతిలోనూ లేదు.

పలక ఉన్న తరగతి ఒకటి మా బడిలో ఉండేది. ఇక్కడినుంచి చెప్పేది నాకు సులభం కాదు.

1990ల తొలినాళ్ళలో మా బడిలో వడ్రంగం మాస్టారు ఒకరుండేవారు. వారానికి రెండు పీరియడ్లు. పెరట్లో రేకుల షెడ్డు, అందులో నాలుగు పనిబల్లలు, ఉలులు, రంపాలు, చిత్రికలు, ఒక బరమా. పదవ తరగతి పరీక్షలు దగ్గరపడగానే నేను ప్రధానోపాధ్యాయుల గదికి వెళ్ళి ఆ రెండు పీరియడ్లూ అడిగి తీసుకొనేవాణ్ణి. మొదట పదవ తరగతివి, తరువాత తొమ్మిదివి. అడిగితే కాదనేవారు లేరు. ఒకసారి ఆయన వరండాలో నన్ను ఆపి, "పంతులుగారూ, ఈ బుధవారమైనా పిల్లల్ని నాకు వదలండి. కుసి తీయడం సగంలో ఉంది, బెజ్జం ఇంకా కొట్టలేదు" అన్నారు. నేను, "సంధులు రాకపోతే పరీక్షలో తప్పుతారు మాస్టారూ. కుసి రాకపోతే ఎవరు తప్పిస్తారు?" అన్నాను. ఆయన నవ్వి, "మా కొయ్యకూ సంధులున్నాయండీ" అన్నారు.

ఆ మాటను నేను ఉపాధ్యాయుల గదిలో చమత్కారంగా చెప్పి నలుగురినీ నవ్వించాను. ఆయన కూడా అక్కడే ఉన్నారు.

ఆయన పదవీవిరమణ చేశాక ఆ స్థానంలో ఎవరినీ వేయలేదు. షెడ్డులో విరిగిన బెంచీలు చేరాయి. బెంచీలు విరిగితే బాగుచేయడం నేర్పే గదిలోనే వాటిని పడేశామన్న స్పృహ కూడా మాకెవరికీ కలగలేదు. ఆయన ఇప్పుడు లేరు. వెన్నెముక గాడిలో పక్కటెముకను దించుతూ, బిగువు చాలక ఒకసారి, ఎక్కువై ఒకసారి, ఇరవైసార్లు తీసి పెట్టుకున్నప్పుడు ఆయన మాట వినబడింది. రెండు కొయ్యలు కలవాలంటే రెండూ కొంత వదులుకోవాలి. వదులుకున్నది ఎక్కువైతే సందులో ఒక పీలిక చేర్చాలి. లోపమూ ఆగమమూ నేను సూత్రాలుగా చెప్పినవే. ఆ షెడ్డులో ఆయన వాటినే ఉలితో చెబుతున్నారు. మేమిద్దరం ఒకే పాఠం చెబుతున్నామని ఆయనకు తెలుసు, నాకు తెలియదు.

ఇప్పుడు నా అభిప్రాయం. మన చదువు ఒక పక్కనే పలకలు తొడిగిన ఓడ. అక్షరం పక్క వరుసలన్నీ పూర్తిచేసి, చేతి పక్క తరువాత చూసుకోవచ్చునన్నాం. ఆ 'తరువాత' రాలేదు. ఈలోగా వెన్నెముక మెలితిరిగింది. ఈ మాట కొత్తదేమీ కాదు. 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ చేతిపని ద్వారానే చదువు సాగాలని ప్రతిపాదించారు, జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన దానికొక పాఠ్యప్రణాళిక కూడా తయారైంది. మేమందరం ఆ సంగతి మీద ఉపాధ్యాయ శిక్షణలో పరీక్ష రాసి ఉత్తీర్ణులమయ్యాం. చేతిపని మీద వ్యాసం రాసి ఉత్తీర్ణులం కావడమే మన జబ్బు మొత్తాన్ని చూపిస్తుంది.

నష్టం పిల్లలకు ఒక విద్య రాకపోవడంతో ఆగలేదు. కాకినాడకు దక్షిణాన కోరంగి ఉంది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు, దెబ్బతిన్న ఓడలను బాగుచేసిన రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టాయి. అయినా ఆ ఊరి పేరు సముద్రం దాటి, బర్మాలో తెలుగువాళ్ళందరినీ 'కోరంగీలు' అని పిలిచేదాకా వెళ్ళింది. పక్కనే తాళ్ళరేవులో తెరచాపల సరుకు ఓడలు కట్టే వడ్రంగులు 20వ శతాబ్దంలోనూ ఉన్నారు. షెర్బోర్న్ పూర్తవుతున్న రోజుల్లో నాకు ఒక కోరిక పుట్టింది: తరువాత కోరంగి ఓడ కడదాం, మన ఓడ కడదాం అని. గీతల కోసం వెదికాను. 1763 నాటి ఆంగ్లేయుల ఓడ గీతలు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. నా ఇంటినుంచి గంట ప్రయాణంలో కట్టిన ఓడకు నేను కొని తెచ్చుకోదగిన గీత ఒక్కటీ నాకు దొరకలేదు.

బస్సెక్కి అటు వెళ్ళాను. ఒక కాలువ గట్టున పాత కొయ్య పడవకు మరమ్మతు చేస్తున్న వృద్ధుడు కనిపించాడు. ఓడ ఒంపుకు కొలతలు ఏ కాగితంలో ఉండేవని అడిగాను. "కాయితం ఎందుకండి? కన్ను చెప్తాదండి, చెయ్యి ఇంటాదండి" అన్నాడు. మీ అబ్బాయిలకు నేర్పారా అంటే, ఇప్పుడంతా ఫైబరు పడవలేననీ, వాళ్ళు వేరే పనుల్లో ఉన్నారనీ చెప్పాడు. నేను ఆ కన్ను చెప్పేదాన్ని రాసుకుందామని నోట్‌బుక్కు తీశాను. ఏం అడగాలో తెలియలేదు. పది ప్రశ్నల తరువాత నాకు అర్థమైనదేమిటంటే, పలక వంచిన అనుభవం లేకపోతే వంచేవాణ్ణి అడగడానికి ప్రశ్న కూడా పుట్టదు. షెర్బోర్న్ కట్టి ఉండకపోతే ఆ పది ప్రశ్నలైనా అడగగలిగేవాణ్ణి కాదు.

మన తీరాన అలలను దాటడానికి వాడిన 'మసూలా' పడవల సంగతి చూడండి. వాటికి మేకులు లేవు, పక్కటెముకలు లేవు. పలకలను కొబ్బరితాడుతో ఒకదానికొకటి కుట్టేవారు. అల విరిగి మీదపడినప్పుడు బిగిసిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ ఒదుగుతుంది. అంత లోతైన ఆలోచన చేసినవారు ఎవరో, ఏ పేరుగలవారో మనకు గ్రంథం లేదు. ఎడ్మండ్ పారిస్ అనే ఫ్రెంచి నౌకాధికారి 19వ శతాబ్దం తొలి భాగంలో లోకమంతా తిరుగుతూ, కోరమండల్ తీరపు పడవలను కూడా కొలిచి, గీసి, 1840లలో గ్రంథంగా అచ్చువేయించాడు. ఆ కాలంలోనే మన పండితులు ఇదే తీరాన కూర్చొని నౌకకు పర్యాయపదాలు చెప్పుకుంటున్నారు. వారి పరంపరలోనివాణ్ణే గనుక నిష్ఠూరంగా ఉన్నా చెబుతున్నాను. మన దేశంలో అక్షరం ఉన్న ఇంట్లో ఉలి లేదు, ఉలి ఉన్న ఇంట్లో అక్షరాన్ని అడుగుపెట్టనివ్వలేదు. కులం గీసిన ఆ గీతను బడి చెరిపివేస్తుందనుకున్నాం. నేను బుధవారం పీరియడు లాక్కున్న ప్రతిసారీ ఆ గీతను సుద్దముక్కతో మళ్ళీ దిద్దాను.

ఆ గీత దాటినవారు మనలో లేకపోలేదు. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయపదాలది, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వచ్చింది. రైతుల నోటినుంచి మాటలు సేకరించి కూర్చిన కోశం అది. పండితుడు పొలం గట్టుకు వెళితే భాషకు ఏం దక్కుతుందో దాన్ని తిరగేస్తే తెలుస్తుంది. నా వద్ద ఆ సంపుటం ఏళ్ళ తరబడి ఉంది. నేను దాన్ని పదాల కోసం చదివాను, పనుల కోసం చదవలేదు.

దీనికి ఆక్షేపణలు ఉంటాయి. పింఛను వచ్చే విశ్రాంత ఉద్యోగి తీరుబడిగా పెట్టె తెప్పించుకొని బొమ్మ కట్టుకొని, దాన్ని వడ్రంగితో సమానం చేసుకుంటున్నాడని ఒకరు అనవచ్చు. నిజమే. ముక్కలు ముందే కోసి ఇచ్చిన పని అది. తప్పినా నా ఇంట్లో పొయ్యి ఆరదు. కాలువ గట్టున ఆ వృద్ధుడు చేసేది అటువంటిది కాదు, ఆ తేడా మరచిపోతే నేను రెండోసారి తప్పు చేసినట్టు. మరొకరు, యంత్రాలు క్షణంలో చెక్కిపెడుతున్న కాలంలో ఉలి ఎందుకని అడగవచ్చు. పిల్లలందరూ వడ్రంగులు కావాలని నా వాదం కాదు. తాను తెలుసుకున్నాననుకొన్నది నిజంగా తెలిసినదో లేదో ముఖం మీద చెప్పే గురువు ఒకరు ప్రతి పిల్లవానికీ కావాలి. పరీక్షలో నా విద్యార్థులు తెలియని జవాబును అందమైన వాక్యంతో కప్పిపుచ్చేవారు, నేనూ మార్కులు వేసేవాణ్ణి. కొయ్య ముందు ఆ ఆట సాగదు.

2020 నాటి జాతీయ విద్యావిధానం, ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా, ఊరి వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు వంటివారి వద్ద పని చూసి నేర్చుకోవాలని చెబుతున్నది. ఆ విధానంలో నాకు నచ్చనివి ఉన్నాయి, వాటి మాట వేరు. ఈ పది రోజుల మాట మాత్రం బంగారం లాంటిది. నా తోటి తెలుగు ఉపాధ్యాయులకు, ఇప్పుడు పనిలో ఉన్నవారికి, చేతులు జోడించి ఒకటే మనవి: సిలబసు మిగిలిపోయిందని ఆ పది రోజులు అడగకండి. నాలాగా అడగకండి. వీలైతే మీరూ వెళ్ళి పిల్లల పక్కన కూర్చోండి. వడ్రంగిని 'నువ్వు' అనకుండా 'మీరు' అని ప్రశ్న అడగడం పిల్లలు మీ నోటినుంచే నేర్చుకుంటారు.

చివరగా స్తంభం సంగతి చెప్పి ముగిస్తాను. పొట్టు పూర్తయ్యాక, రెండో పొరగా అక్రోటు కొయ్య పలకలు తొడిగి, పైతట్టు పరిచాక, స్తంభం నిలబెట్టాను. నిలబడలేదు. అడుగున గుంటలో దిగి కూడా అటూ ఇటూ ఊగింది. జిగురు ఎక్కువ పోద్దామనుకున్నాను. పుస్తకం వద్దన్నది. తాళ్ళు కట్టమన్నది. ఎడమన తాళ్ళు, కుడిన తాళ్ళు, ముందుకు ఒక బలమైన మోకు. పక్కల తాళ్ళ చివర మూడేసి రంధ్రాలున్న చిన్న కొయ్యబిళ్ళలు ఉంటాయి, రెండు బిళ్ళల మధ్య సన్నదారం పోనిచ్చి బిగించుకుంటూ రావాలి. ఇక్కడ కూడా ఎడమన ఒకటి బిగిస్తే కుడిన ఒకటి. ఒక పక్కే బిగిస్తే స్తంభం అటు ఒరుగుతుంది. ఈసారి నేను మరచిపోలేదు. అన్నీ సమంగా బిగిశాక స్తంభాన్ని వేలితో తాకితే కదలలేదు.

అప్పుడు గుర్తుకొచ్చింది, అమరసింహుడు స్తంభాన్ని గుణవృక్షకమన్నాడని. గుణమంటే తాడు. తాళ్ళ చెట్టు. ఈ మాటకు నేను 33 ఏళ్ళు అర్థం చెప్పాను. తాళ్ళు కట్టడానికి వాడే చెట్టు గనుక ఆ పేరు వచ్చిందని చెప్పేవాణ్ణి. చెట్టును నిలబెట్టేవి ఆ తాళ్ళేనని నాకు ఎన్నడూ తట్టలేదు. ఆ పేరు పెట్టినవాడు తప్పకుండా ఓడ చూసినవాడే, బహుశా తాడు లాగినవాడే. మన మాటల వెనుక ఎన్ని చేతులున్నాయో! వాటిని కడిగేసి మాటలు మాత్రం బల్ల మీద పెట్టుకున్నాం.

కొత్తగా ఓడ కట్టదలచిన మిత్రులెవరైనా ఉంటే నాకు తెలిసిన నాలుగు ముక్కలు: పెద్ద ఓడ కొనకండి. పదునైన కత్తి ఒకటి, ఆకురాయి ఒకటి, గరుకు కాగితం రెండు రకాలు, మంచి భూతద్దం చాలు, మిగిలిన పనిముట్లు అవసరపడ్డప్పుడు కొనుక్కోవచ్చు. పలకలు రెండు పక్కలా సమంగా తొడగండి. బట్టల క్లిప్పులు సొంతానికి కొనుక్కోండి. మొదటి ఓడ తప్పులను రంగు వేసి దాచకండి.

నా షెర్బోర్న్ ఇప్పుడు నిఘంటువుల అలమరలో పై అరలో ఉంది. ముందునుంచి చూస్తే ఆ మెలిక ఇంకా తెలుస్తుంది. మొన్న మా మనవడు చూసి, "తాతయ్యా, ఇది వంకరగా ఉందే?" అన్నాడు. ఎందుకు వంకరపోయిందో చెప్పాను. విని, వాడు పెట్టెలో మిగిలిన బద్దలు ఏరుకొని గిన్నెడు నీళ్ళలో నానబెట్టాడు. వాళ్ళమ్మ హోంవర్కు పూర్తిచేయమని లోపలినుంచి పిలిచింది. ఈ ఒక్కసారికి పలక ఆరేదాకా వాణ్ణి వదిలేయమని చెప్పి వచ్చాను.

ఛందస్సు నాలుగో భాగం త్వరలో రాస్తాను.

స్వస్తి.